నూనె చేతులు

అరవై నాలుగేళ్ళ వయసులో, పింఛను డబ్బులతో మోకాళ్ళ తైలం కొనుక్కునే మనిషిని, ఒక పాతికేళ్ళ కోడలిపిల్లని చూసి కుళ్ళుకున్నాను. దీనికి ఇంకో మర్యాద మాట వెతికే ఓపిక నాకు లేదు. అసూయే. ఓర్వలేనితనం చెడ్డదని తెలుగు పాఠాల్లో పిల్లలకి చెప్పీ చెప్పీ గొంతు అరగదీసుకున్నదాన్ని, పోయిన నెల టెక్కలిలో మా సింహాచలం బావ పెరట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చేతిలో టీ చల్లారిపోతున్నా తాగకుండా, ఆ పిల్ల వంకే చూస్తూ ఉడికిపోయాను.

సింహాచలం బావ మా మేనత్త కొడుకు, నాకంటే మూడేళ్ళు పెద్దవాడు. ఇంటి వెనకే రేకుల షెడ్డు వేసుకుని ఇనుప పని చేస్తాడు. ఆ పిల్ల అతని కోడలు మౌనిక, కోటబొమ్మాళి అమ్మాయి, పాలిటెక్నిక్ చదివింది. పింఛను కాగితం పని మీద నేను పలాస నుంచి టెక్కలి వెళ్ళాను. ఆ పని పదింటికే తెమిలిపోవడంతో బావని చూసి పోదామని వాళ్ళింటికి నడిచాను. వెళ్ళేసరికి మామాకోడళ్ళిద్దరూ పెరట్లో ఒక ఉక్కు పట్టాని మధ్యన పెట్టుకుని తర్జనభర్జన పడుతున్నారు. తలుపుల మీద నగిషీ చెక్కే మెషిను ఒకటి మౌనిక సొంతంగా తయారుచేసుకుంటోంది. దానికోసం తెప్పించిన పట్టాలు జానెడు పొడవెక్కువ వచ్చాయి. చూడ్డానికి వేలెడు లావు లేవు గానీ, కాల్చి గట్టిపరిచిన ఉక్కు. చేతిరంపం పెడితే పళ్ళు అరగడమే తప్ప గీత కూడా పడదు. దాన్ని ఇంట్లోనే గ్రైండరుతో కొయ్యాలి. గ్రైండరంటే వంటింట్లో పిండి రుబ్బేది కాదు. చేత్తో పట్టుకుని ఇనుము కోసేది. దాని మూతికి పల్చటి బిళ్ళ ఒకటి బిగిస్తారు, అది గిర్రున తిరుగుతూ ఉక్కుని కోసేస్తుంది.

మౌనిక గాజులు తీసి కిటికీలో పెట్టింది. జుట్టు ముడివేసి టోపీలోకి తోసింది. ఒంటికి పట్టినట్టున్న నూలు చొక్కా, ప్యాంటు, తోలు బూట్లు. పట్టా గాడిలో ఇసుకంత ఇనుప రజను పడినా పనికిరాదట, అందుకని కొయ్యవలసిన చోటు వదిలి మిగతాదంతా టేపు చుట్టేసింది. కోసే గీతకి బాగా దగ్గరగా వచ్చేలా, ఇనుము కదలకుండా పట్టుకునే వైసులో బిగించింది. నిప్పురవ్వలు పోయే వైపు కొబ్బరి పీచు మోపులుంటే మామగారి చేత అవతలికి లాగించింది. ఆవిడగారు చెప్తే మా బావ లాగాడు! మా ఇంట్లో నేను చిన్నప్పుడు ఎవరికైనా ఒక పని చెప్పి చేయించుకున్న జ్ఞాపకం లేదు.

"గుంట సేతికి ఇచ్చీసినావేటి బావా?" అన్నాను, జాగ్రత్త కొద్దీ అన్నట్టు. అందులో జాగ్రత్త ఏమీ లేదు.

"నాకంటె బాగా కోత్తాదే. నా సెయ్యి సంగతి నీకు తెల్దా ఏటి?" అని నవ్వుతూ ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. చివరి రెండు వేళ్ళూ ముడుచుకోవు. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా పాత గాయపు మచ్చ.

ఆ తర్వాత అట్టపెట్టెలోంచి కొత్త బిళ్ళ ఒకటి తీసి, ఎండకి ఎదురుగా పెట్టి చూశాడు. అంచులు చూశాడు, మధ్య కన్నం చుట్టూ చూశాడు, తిరగేసి మళ్ళీ చూశాడు. గుడ్డతో తుడిచి మూడోసారి చూసి అప్పుడు కోడలి చేతిలో పెట్టాడు.

మౌనిక నావైపు తిరిగి నవ్వింది. "ఇది రోజూ జరిగే పూజండి చిన్నత్తయ్యా. మావయ్య సిన్నప్పుడు మీ ఇంట్లోనే పని నేర్సుకున్నారట కదా? ఒకరోజు బిళ్ళ సూడకుండా ఎక్కించీసేరంట, అది పగిలి సెయ్యి తెగిపోయిందంట. నేను మొదటిసారి గ్రైండరు అడిగినప్పుడు ముందు ఈ కథ సెప్పేరు, తర్వాతే మెషిను ఇచ్చేరు. ఇక్కడ పన్లోకి ఎవరొచ్చినా మొదటి పాఠం ఇదే."

"నా తప్పేనమ్మా. సూడాల్సింది," అన్నాడు బావ, బిళ్ళ బిగించే తాళంచెవి అందిస్తూ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు నేను పైట సర్దుకున్నాను. మౌనిక ముఖానికి అద్దపు తొడుగు దించుకుని, బిళ్ళకి ఎదురుగా కాకుండా ఓరగా నిలబడి, రెండు చేతులా గ్రైండరు పట్టుకుని మొదలుపెట్టింది. కొంచెం కోసి ఆపుతుంది, పట్టా చల్లారనిస్తుంది, మళ్ళీ కోస్తుంది. ఎక్కడా నొక్కలేదు, తొయ్యలేదు. రవ్వలన్నీ ఒకే పక్కకి పోయాయి. కాలిన ఇనుము వాసన పెరడంతా పరుచుకుంది. ఆ వాసన తగలగానే నాకు పదమూడేళ్ళ వయసు వచ్చేసింది, ఆ వయసులోని కడుపుమంటతో సహా.

పలాసలో మా వీధికి అప్పుడు మూడు వాసనలుండేవి. బట్టీల్లో జీడిపిక్కలు కాల్చే పొగ ఒకటి, ఆముదం ఒకటి, మా వసారాలో ఇనుము ఒకటి. కాల్చిన పిక్కల్ని బస్తాల్లో ఇంటికి తెచ్చి అమ్మా, నాయనమ్మా, నేనూ వరసగా కూర్చుని కొట్టి పప్పు తీసేవాళ్ళం. పిక్క పెంకులోని జీడి రసం తగిలితే చర్మం నల్లగా కాలి ఊడిపోతుంది. అందుకని పనికి కూర్చునే ముందు ప్రతివాళ్ళూ అరచేతుల్లో ఆముదం పోసుకుని వేళ్ళ సందుల్లోకి ఎక్కేలా రాసుకుని, ఆపైన ఇంత బూడిద అద్దుకోవాలి. నాయనమ్మ ఎవరి చెయ్యీ నమ్మేది కాదు. నా చేతులు తిప్పి చూసి, "సిటికినేలు ఒగ్గీసినావే, అదేటి సేసింది పాపం?" అని నేను వదిలేసిన వేలికి తనే రాసేది. పొద్దున చోడి పిండి అంబలి తాగుతుంటే గ్లాసు జారేది. మధ్యాహ్నం తలుపు గొళ్ళెం జారేది. సాయంత్రం బడి పలక జారేది. ఎంత సీకాయతో కడిగినా మా ఇంటి ఆడవాళ్ళ చేతుల్లోంచి ఆ జారుడు పోయేది కాదు.

నాన్న బట్టీల వాళ్ళకి కావలసిన ఇనుప సామాను చేసేవాడు, పాడైతే బాగుచేసేవాడు. పిక్కలు కొట్టడానికి అడుగున గట్టి దిమ్మ కావాలి. దానికి నౌపడ మీదుగా పోయే చిన్నరైలు పాత పట్టాలు బాగా పనికొచ్చేవి. పాత ఇనుము వేలంలో కొన్న వ్యాపారి దగ్గర ముక్కలు తెచ్చి, మూరెడేసి పొడవున కోసి దిమ్మలు చేసేవాడు. ఏళ్ళ తరబడి చక్రాలు దొర్లి దొర్లి ఆ పట్టాల పైభాగం రాయైపోయి ఉండేది. చేతిరంపంతో ఒక్క ముక్క కొయ్యడానికి రోజంతా పట్టేది. ఆ రోజంతా నాన్న పక్కన ఉండేది నేను. సుద్దముక్కతో గీత గీసేదాన్ని, రంపం కింద నూనె చుక్కలు వేసేదాన్ని, రంపం పళ్ళు పోతే కొత్త బ్లేడు అందించేదాన్ని. మా ఇంట్లో మగపిల్లలు లేరు. లేని లోటు నాన్నకి తెలియకుండా చేస్తున్నానని నాకు చెప్పలేనంత గర్వంగా ఉండేది.

ఆ ఏడు వానాకాలం పోయాక రెండు కొత్తవి మా ఇంటికొచ్చాయి. ఒకటి గ్రైండరు. నాన్న విశాఖపట్నంలో ఎవరి దగ్గరో వాడినది తెచ్చాడు. రెండోది సింహాచలం బావ. మూలపేట దగ్గర వాళ్ళ ఊళ్ళో కొబ్బరిచెట్లు తప్ప పని లేదని, కుర్రాడు చేతికి పని నేర్చుకుంటాడని మేనత్త పంపించింది. పదహారేళ్ళ కుర్రాడు, ఖాకీ నిక్కరు, నూనె పెట్టి దువ్విన తల. ఈ రెండూ ఒకదానికోసం ఒకటి పుట్టినట్టు నాన్న ఆ మెషిను తీసుకెళ్ళి తిన్నగా వాడి చేతిలో పెట్టాడు. రోజంతా పట్టే కోత అరగంటలో అయిపోతుంటే నాకు పనే లేకుండా పోయింది.

నేను ఊరుకోలేదు, అడిగాను. "నాన్నా, ఒక్కసారి నాకియ్యి," అన్నాను. నాన్న నన్ను కిందకీ మీదకీ చూసి, "వోణీ సుట్టుకుంటాదే గుంటా. సెయ్యి పోద్ది," అన్నాడు. లోపలికెళ్ళి వోణీ నడుముకి బిగించి కట్టుకుని, జడ పైకి చుట్టుకుని వచ్చి నిలబడ్డాను. నాన్న నవ్వాడు. అమ్మ నవ్వింది. నాయనమ్మ అయితే, "అంత మోజుంటే ఆ మిషను పట్టినోణ్ణే కట్టుకోయే, ఇంట్లోనే పడుంటాది," అంది. అందరూ మళ్ళీ నవ్వారు. నవ్వనిది బావ ఒక్కడే. "గీత నువ్వే గియ్యి నీలమ్మా, నాకు తిన్నగా రాదు," అన్నాడు మెల్లిగా. అతను చెడ్డవాడై ఉంటే నా పని సులువయ్యేది. మంచివాణ్ణి చూసి కుళ్ళుకోవడంలో ఉన్న కష్టం ఏమిటంటే, తప్పు పట్టుకోవడానికి ఒక్కటీ దొరకదు. గీత నాది, కోత వాడిది, మెప్పు వాడిది. మొదటి పట్టా కోసినప్పుడు తెగిన ముఖం తళతళా మెరుస్తుంటే నాన్న దాన్ని వసారాలోకి వచ్చిన ప్రతివాడి చేతిలోనూ పెట్టి, "మా మేనల్లుడు కోసినాడు," అన్నాడు. ఆ పూట చేపల కూరలో తలకాయ బావ కంచంలోకి వెళ్ళింది. అంతవరకు అది నా కంచంలోకి వచ్చేది. పెట్టింది మా అమ్మ. ఇన్నేళ్ళయినా ఆ చేప తలకాయ నాకు బాగా గుర్తుంది.

నాన్నకి మాటలు తక్కువ, కట్టుబాట్లు ఎక్కువ. నల్ల కళ్ళద్దాలు పెట్టుకోకుండా గ్రైండరు ముట్టుకోకూడదు. బిళ్ళ మీద ఉండే ఇనుప తొడుగు తియ్యకూడదు. బిళ్ళ పూర్తిగా ఆగేదాకా మెషిను కింద పెట్టకూడదు. జీడి పెంకుల కుప్ప వైపు రవ్వలు పోకూడదు, ఆ పెంకుల్లో నూనె ఉంటుంది, అంటుకుంటే ఆరదు. ఆముదం చేతులతో ఎవరూ దగ్గరకి రాకూడదు. వీటన్నిటికంటే పెద్దది ఇంకోటి. కిందపడిన బిళ్ళని పగులు కనపడినా కనపడకపోయినా అక్కడికక్కడే రెండు ముక్కలు చేసి పారెయ్యాలి. బిళ్ళలు విశాఖపట్నం నుంచి రావాలి. అయినా నాన్న ఒకసారి తన చేతిలోంచి జారిన కొత్త బిళ్ళని కళ్ళముందే విరిచేశాడు. సముద్రపు గాలికి చెమ్మ పడితే బిళ్ళలు బలం పోతాయని వాటిని బిస్కట్ల డబ్బాలో పెట్టి వంటింట్లో పొయ్యి పక్క గూట్లో ఉంచేవాడు. అందువల్ల గ్రైండరు వసారాలో బావ దగ్గరున్నా, బిళ్ళలు మాత్రం నా రాజ్యంలో ఉండేవి.

ఒకరోజు మధ్యాహ్నం నాన్నా బావా కాశీబుగ్గ వెళ్ళారు. అమ్మా నాయనమ్మా పిక్కల దగ్గర ఉన్నారు. నేను మంచినీళ్ళ వంకతో లేచి వంటింట్లోకి వచ్చి డబ్బా తీశాను. దొంగతనం చేద్దామని కాదు. ఒక బిళ్ళ తీసి చేత్తో పట్టుకుని, గ్రైండరు పట్టినట్టు ఓరగా నిలబడి, నోటితో ఆ చప్పుడు చేద్దామనిపించింది. చేశాను కూడా. నా ఊహలో పట్టా తెగింది, నాన్న ఆ ముక్క తీసుకెళ్ళి వీధిలో అందరికీ చూపించాడు, చేప తలకాయ నా కంచంలోకి తిరిగొచ్చింది. అంతలో బిళ్ళ వేళ్ళలోంచి జారిపోయింది. రుబ్బురోలు అంచుకి తగిలి నేలమీద పడింది. చేతులు చూసుకుంటే మోచేతుల దాకా ఆముదం.

తీసి కిటికీ దగ్గర వెలుగులో చూశాను. మధ్య కన్నం దగ్గర నుంచి వెంట్రుకంత పగులు. నేను చూశాను. ఈ మాట గట్టిగా రాస్తున్నాను, ఎందుకంటే ఆ రోజు ఆ ఇంట్లో ఆ పగులు చూసింది నేనొక్కదాన్నే. విరిచెయ్యాలని తెలుసు. విరిస్తే ముక్కలు దొరుకుతాయి, ఆముదం చేతులతో ముట్టుకుందని తెలుస్తుంది, గుంటకి ఎందుకివ్వలేదో చూశారా అని నాన్న అందరికీ చెప్తాడు, బావ పాపం అన్నట్టు చూస్తాడు. ఆ పాపం అనే చూపు నేను భరించలేను. వోణీ చెంగుతో పైపైన తుడిచి, డబ్బాలో రెండు బిళ్ళల కింద మూడోదిగా పెట్టేశాను.

తర్వాత మూడు రోజులు. పైన రెండు బిళ్ళలున్నాయి కదా, అవి అరిగేలోగా చెప్పేద్దాం అనుకున్నాను మొదటి రోజు. రెండో రోజు ఒక బిళ్ళ అరిగిపోయింది. ఆ రోజే ఒక బట్టీ యజమాని వసారాలో కూర్చుని, "నీకు కొడుకు లేడన్నోడెవడయ్యా, సింహాచలం లేడా?" అన్నాడు. నాన్న కాదనలేదు. నేను గడప వెనకే ఉన్నాను. ఆ మాట విన్నాక చెప్పాలన్న ఆలోచనే పోయింది. పగలనీ, అనుకున్నాను. చెయ్యి తెగాలని కాదు, దేవుడి మీద ఒట్టు. కోత మధ్యలో బిళ్ళ విరిగి ఆగిపోతుంది, నాన్న వాణ్ణి నలుగురిలో తిడతాడు, అంతే అనుకున్నాను. తిట్టించాలన్న కోరిక మాత్రం నిజం. దాన్ని చిన్నతనం అని కప్పిపెట్టడం నాకిష్టం లేదు.

సాయంత్రానికి పైనున్న రెండో బిళ్ళా అరిగిపోయింది. మూడో రోజు పొద్దున బావ నేను పడేసిన బిళ్ళ తీశాడు. వాకిట్లోకి తెచ్చి ఎండకి ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నేను అంబలి గ్లాసుతో అరుగు మీద కూర్చుని అతను చూడటం చూశాను. మూడు రోజుల్లో ఆముదపు మరక దుమ్ము పట్టి నల్లగా గట్టిపడి పగులుని పూడ్చేసింది. అతనికి ఏమీ కనపడలేదు. బిగించాడు. కళ్ళద్దాలు పెట్టుకున్నాడు, ఓరగా నిలబడ్డాడు, అన్నీ చెప్పినట్టే చేశాడు. నేను నోరు తెరిచాను. తెరిచేసరికి స్విచ్చి వేశాడు, ఆ చప్పుడులో నా మాట నాకే వినపడలేదు. ఇంతకీ ఏమనబోయానో కూడా ఇప్పుడు ఖచ్చితంగా చెప్పలేను.

పెద్ద చప్పుడైంది. నాన్న పరుగెత్తుకొచ్చి కరెంటు తీసేశాడు. బిళ్ళ ముక్కల్లో రెండింటిని ఇనుప తొడుగు ఆపింది, ఒకటి బావ ఎడమ చేతిని మోచేతి కింద నుంచి చీల్చేసింది, ఇంకోటి కళ్ళద్దానికి తగిలి అద్దం చిట్లింది. కళ్ళద్దం పోయింది, కన్ను మిగిలింది. అమ్మ కట్టుకున్న చీర చెంగు చింపి చేతికి చుట్టింది. రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కుట్లు పడ్డాయి గానీ రెండు వేళ్ళకి వెళ్ళే నరం అతకలేదు.

ఆసుపత్రి నుంచి తెచ్చిన మర్నాడు నాన్న బిళ్ళ ముక్కలు ఏరుకొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. పగిలిన అంచు ఒకచోట నల్లగా ఉంది. దాన్ని గోటితో గీకి, "ఇది ఆ పూట పగిలింది కాదురా. ముందే పగిలుంది. సూడకుండా ఎక్కించీసినావు," అన్నాడు.

"సూసినాను మావా. ఎండకెట్టి సూసినాను. ఏటీ కనపళ్ళేదు."

"కళ్ళున్నోడికి కనపడతాది. సేసింది సాలక అబద్ధమొకటా?"

"మాయమ్మ మీద ఒట్టు మావా, సూసినాను."

"దాని మీద ఒట్టెయ్యకు. అది నా సెల్లి," అన్నాడు నాన్న.

చెయ్యి తెగినప్పుడు ఏడవని బావ అప్పుడు ఏడ్చాడు. నేను మంచినీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటా చెప్పలేదు. కుట్లు విప్పించాక నాన్న అతన్ని బస్సెక్కించి ఊరికి పంపించేశాడు. పని రాకపోతే నేర్పుతాను, అబద్ధాలకోరుని ఇంట్లో పెట్టుకోనన్నాడు. నాకు కావలసింది జరిగింది. చేప తలకాయ నా కంచంలోకి వచ్చింది. తిన్నాను కూడా.

ఏడాదో ఏడాదిన్నరో అయ్యాక నాన్న ఒకరోజు గ్రైండరు అటక మీంచి దింపి, గుడ్డ విప్పి, నన్ను పిలిచాడు. "రాయే, పట్టుకో. నీకే నేర్పుతాను," అన్నాడు. పట్టుకున్నాను. బరువుగా ఉంది, అనుకున్నదానికంటే చాలా బరువు. "నాకొద్దు నాన్నా," అని కింద పెట్టేశాను. ఆడపిల్ల కదా భయపడిందనుకున్నాడు నాన్న. ఆ తర్వాత మా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. నేను చదువులో పడ్డాను, టీచరునయ్యాను. బావ ఎక్కడెక్కడో పనిచేసి, టెక్కలిలో షెడ్డు వేసుకుని, ఈ చుట్టుపక్కల అంత జాగ్రత్త మనిషి లేడనిపించుకున్నాడు. పెళ్ళిళ్ళకి, కర్మలకి వచ్చేవాడు, నాన్న కాళ్ళకి దండం పెట్టేవాడు. నాన్న బాగానే పలకరించేవాడు. అతను వెళ్ళిపోయాక మాత్రం, "సింహాచలం మంచోడే. ఆ ఒక్క అబద్ధం ఆడకుంటే బాగుణ్ను," అనేవాడు. మంచం పట్టి నా ఇంట్లోనే ఉన్న ఆఖరి రోజుల్లో కూడా ఒకసారి అన్నాడు. నేను నాన్నకి గంజి పట్టి మూతి తుడిచాను.

ఆ రోజు టెక్కలి పెరట్లో మౌనిక పట్టా కోత ముగించింది. బిళ్ళ ఆగేదాకా గ్రైండరు చేతిలోనే ఉంచుకుని, ఆగాక పక్కన పెట్టి, తొడుగు ఎత్తి, తెగిన ముఖాన్ని మామగారికి చూపించింది. బావ వేలితో రాసి చూసి, "బంగారం," అన్నాడు. ఆ మాట ఎవరిది? మా వసారాలో ఎవరికి రావలసింది? మళ్ళీ అదే కుళ్ళు. మా రోజుల్లో ముఖానికి ఆ తొడుగు లేదు, చెవులకి దూది తప్ప ఏమీ లేదు, వోణీ తప్ప వేసుకోవడానికి ఇంకో బట్ట లేదు. ఆ పిల్లకి అన్నీ ఉన్నాయి, నేర్పే మామగారితో సహా. అయితే, ఆ పిల్లకున్న జాగ్రత్తంతా నా అబద్ధం మీద కట్టిందని గుర్తొచ్చింది. మౌనిక ముఖం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. బావ ఆకురాయి తీసుకుని పట్టా అంచుల గరుకు తీస్తున్నాడు.

"బావా, ఆ బిళ్ళ నేను పడీసేను," అన్నాను.

"ఏ బిళ్ళే?" అన్నాడు, తల ఎత్తకుండా.

"నీ చెయ్యి కోసింది. మూడు రోజుల ముందు పడీసేను. ఆముదం చేతులతో పట్టుకున్నాను, రోలుకి తగిలింది. పగులు కూడా చూసేను. తుడిచి డబ్బాలో పెట్టీసేను."

ఆకురాయి ఆగింది. "ఎవులికీ సెప్పలేదా?"

"లేదు."

"ఎందుకే?"

భయం అని చెప్పొచ్చు. పదమూడేళ్ళ పిల్ల భయపడిందంటే ఎవరైనా నమ్ముతారు. "నువ్వంటే కుళ్ళు బావా," అన్నాను.

అతను నావైపు చూడలేదు. చేతిలోని పట్టా ముక్కని తిప్పి తెగిన ముఖం చూశాడు. తర్వాత, "ఆముదమైతే దుమ్ము పట్టీసి పగులు పూడిపోద్ది," అన్నాడు. "పైనుంచి ఎంత సూసినా కనపడదు. అంతేనా?"

"అంతే."

"అయితే నాను సూసినాను." అని ఆగి, మళ్ళీ అన్నాడు. "సూసినానే నీలమ్మా. మావతో సూసినాననే సెప్పేను. ఆయన అనీ అనీ, నాను ఆలోసించీ ఆలోసించీ, ఆఖరికి నాకే అనుమానమొచ్చీసింది. సూసినానో, సూసినాననుకున్నానో! ఇంతమందికి సూడలేదనే సెప్పేను." ముడుచుకోని రెండు వేళ్ళతో ఒకసారి కళ్ళు తుడుచుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. "మావ ఆఖర్న నీ దగ్గరే ఉన్నాడు కదే. అప్పుడైనా సెప్పలేకపోయినావా?" అని మాత్రం అడిగాడు.

చేతిలో చల్లారిపోయిన టీని కుర్చీ పక్కన కింద పెట్టాను.

మౌనిక తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చి మా ఇద్దరి మొహాలూ చూసి, "ఏటైంది మావయ్యా?" అంది.

"ఇలా కూకోమ్మా. ఆ బిళ్ళ కథ నీకు నాను తప్పు సెప్పేను," అన్నాడు బావ. "మీ చిన్నత్త సెప్తాది, ఇను."

"నువ్వే చెప్పు బావా," అన్నాను. ప్రపంచంలో ఎవరి ముందైనా చెప్పగలను గానీ, పొద్దుట్నుంచీ ఎవరిని చూసి కుళ్ళిపోతున్నానో ఆ పిల్ల ముందు కాదనిపించింది.

"నాను సెప్తే మళ్ళీ నా మీదే ఏసుకుంటానే. అలవాటైపోయింది," అన్నాడు బావ. "నువ్వు సెప్పు."

మౌనిక నా ఎదురుగా నాపరాయి మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో పిల్లలు చూసినట్టు నా నోటివంక చూసింది.

"మీ మావయ్య అబద్ధం ఆడలేదమ్మా," అని మొదలుపెట్టాను.